ఆగని చీటీ

లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం సీడీలతో కుస్తీ పట్టినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పాలి. ఆ లోకంలో ప్రతి సాఫ్ట్‌వేరూ ఒక ప్యాకేజీగా మూటకట్టి వస్తుంది. ప్రతి ప్యాకేజీ లోపలా ఒక చిన్న ఫైలు ఉంటుంది. దీని పేరేమిటి, ఎన్నో వెర్షను, ఎవరు తయారు చేశారు, ఇది నడవాలంటే ఇంకా ఏయే ప్యాకేజీలు తోడు కావాలి, అన్నీ అందులో వరుసగా రాసి ఉంటాయి. మందు సీసాతో వచ్చే కాగితం లాంటిదన్నమాట. ఆ కాగితం విప్పి చూడకుండా మందు మింగేవాళ్లు మనలో ఎంతమందో, ఈ ఫైలు చదవకుండా ప్యాకేజీలు ఎక్కించేవాళ్లూ అంతమంది.

గ్లోరియా చదివే రకం. తల్లి సారా మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి నర్సు. సూది వేసేముందు మందు పేరు పైకి చదివి మరీ వేసే మనిషి. కూతురికి ఆ జాగ్రత్త ఉగ్గుపాలతోనే అబ్బింది. ఊళ్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు గ్లోరియా చేతిలో ఉండేది. రెండువేల మూడో సంవత్సరం మాట. ల్యాబులో నెట్ ఫోను లైను మీద వచ్చేది. ప్రిన్సిపాలుకు ఎవరైనా ఫోను చేస్తే తెగిపోయేది. పెద్ద ఫైలు ఏదైనా దించుకోవాలంటే పొద్దున్నే మొదలుపెట్టి, సాయంత్రందాకా ఎవరికీ ప్రిన్సిపాలు గుర్తు రాకూడదని ప్రార్థన చేసుకోవాల్సిందే.

కుప్పంలో శివకుమార్ నడిపే నెట్ సెంటరులో మాత్రం మిద్దె మీద డిష్షు పెట్టి తెచ్చుకున్న గట్టి లైను ఉండేది. శివకుమార్‌ది రామసముద్రం దగ్గర పల్లె. మెట్ట భూములున్న రైతు కుటుంబం. గ్లోరియాకు కాలేజీలో రెండేళ్లు సీనియరు. ఆమె మొదటి కంప్యూటరుకు స్క్రూలు బిగించింది అతనే. ఆమె తండ్రి నతానియేలు పోయినప్పుడు శవపెట్టెకు ఒక వైపు భుజం పట్టిందీ అతనే. అప్పటి నుంచీ ఆమెకు అతను శివన్న. క్రిస్మస్‌నాడు సారా మొదటి విస్తరి అతనికే వేసేది.

శనివారం పుంగనూరు బస్టాండులో ఇద్దరూ కలుసుకునేవాళ్లు. కుప్పం బస్సులో అతను, మదనపల్లె బస్సులో ఈమె. టీ అంగడి బల్ల మీద సీడీలు చేతులు మారేవి. అతను వారమంతా దించిపెట్టిన ప్యాకేజీలు అందులో ఉండేవి. ఈమె వాటిని తీసుకుపోయి మదనపల్లెలోనే కాక కురబలకోట, వాల్మీకిపురం వైపు ఉన్న చిన్నాచితకా ల్యాబులకు కూడా పంచేది.

అసలు కష్టం అక్కడే ఉంది. తెచ్చిన ప్యాకేజీ ఎక్కించబోతే అది ఇంకోటి కావాలనేది. ఆ ఇంకోటి సీడీలో ఉండదు. వచ్చే శనివారందాకా ఆగి తెచ్చుకుంటే అది మరోటి అడిగేది. ఒక్క ప్రింటరు చేత తెలుగు అక్షరాలు కొట్టించడానికి ఎండాకాలం మొదలై వానలు పడ్డ సందర్భం ఉంది.

దీనికి విసిగిపోయి గ్లోరియా ఒక చిన్న కోడు రాసింది. ప్యాకేజీ లోపలి ఫైలును చదివి, పేరు పేరుగా, వెర్షను వెర్షనుగా, కావలసినవి కావలసినవిగా విడదీసి చేతిలో పెట్టడం దాని పని. తక్కిన ప్రోగ్రాములు దాన్ని పిలిచి అడిగి తెలుసుకోవచ్చు. అలాంటి కోడును వాళ్ల భాషలో లైబ్రరీ అంటారు. పుస్తకాలుండవు, బీరువా ఉండదు. దీన్ని శివకుమార్ సెంటరులో పెట్టుకుంటే, ఒకటి దించమన్నప్పుడు దానికి కావలసినవన్నీ ఒక్కసారే దించి ఇచ్చేది. వృథాగా పోయే శనివారాలు మిగిలాయి. దానికి ఆమె పెట్టిన పేరు చీటీ. మిగతా ల్యాబులవాళ్లూ ప్యాకేజీలు ఎక్కించేముందు దానితోనే సరిచూసుకోవడం మొదలుపెట్టారు.

ఆ చీటీకి ఒక గుణం ఉంది. ఫైలులో తనకు అర్థం కాని లైను ఒక్కటి కనిపించినా అక్కడే ఆగిపోయేది. ఏ ప్యాకేజీ, ఏ లైను అన్నది చెప్పి, ‘అర్థం కాలేదు, ఆగాను’ అని తెర మీద రాసేది. ఊహించడం, సర్దుకుపోవడం దానికి రావు. సర్దుకుపోకూడదనే గ్లోరియా దాన్ని రాసింది.

ఎందుకంటే ఆ చుట్టుపక్కల ల్యాబుల్లో అప్పటికే ఒక అలవాటు పాతుకుపోయింది. ఒక ప్యాకేజీ ఇంకోటి కావాలని పేచీ పెడితే, ఎవరు పోతారు పుంగనూరుదాకా? మూట విప్పి, లోపలి ఫైలులో ‘ఇవి కావాలి’ అన్న లైను కొట్టేసి, మళ్లీ మూట కట్టేసేవాళ్లు. ప్యాకేజీ నోరెత్తకుండా ఎక్కేది. ఎక్కినది నడుస్తుందా అంటే, అది వేరే సంగతి. దీన్ని అందరూ ‘గొరగడం’ అనేవాళ్లు. ‘సీడీ గొరిగిందేనా?’ అని అడిగి మరీ పట్టుకుపోయేవాళ్లు ఉండేవాళ్లు.

గొరిగే చేతికి ఓపిక తక్కువ. కావలసినవాటి పట్టిక పొడుగ్గా ఉంటే రెండో లైనులోకి సాగుతుంది. ఆ రెండో లైను ముందు కొంచెం ఖాళీ వదిలి ఉంటుంది, అంటే పైదాని కొనసాగింపు అని గుర్తు. వీళ్లు మొదటి లైను కొట్టేసి తోక మరిచిపోయేవాళ్లు. ఆ తోక పోయి పైనున్న వెర్షను లైనుకు అతుక్కునేది. ఇలా అతుకుల బొంత కనిపించినప్పుడల్లా గ్లోరియా చీటీ ఆగిపోయేది. గొరుగుడు ఎక్కడ జరిగిందో ఊరికి తెలిసిపోయేది.

“నీ చీటీకి నీ పొగరే వచ్చిందమ్మా,” అన్నాడు శివకుమార్ ఒక శనివారం, టీ ఊదుకుంటూ. “రవ్వంత తేడా ఉంటే సాలు, మూతి ముడుసుకోని కూసుంటాది.”

“తేడా ఉంటే ఆగల్ల గదన్నా. ఆగకుంటే అది ఉండి ఏం లాభం?”

“లోకమంతా నీ మాదిరి ఉండదు. కొంచెం సూసీ సూడనట్టు పోవాల.”

“మా అమ్మ సూసీ సూడనట్టు సూది వేసిందనుకో,” అంది గ్లోరియా.

అతను నవ్వి చేతులెత్తేశాడు. ఆ నవ్వంటే ఆమెకు నమ్మకం. తన మాట నచ్చకపోయినా విని పక్కన నిలబడే మనిషి ఒకడున్నాడని.

ఆ ఏడాది చివర్లో రెండు కబుర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పిల్లలు చేరడం లేదని కాలేజీ కంప్యూటర్ కోర్సు ఎత్తేస్తోంది, పరీక్షలయ్యాక ల్యాబుకు తాళం పడుతుంది. అది చెడ్డ కబురు. మంచి కబురు శివకుమార్ తెచ్చాడు. కుప్పంలో ఒక సంస్థ చుట్టుపక్కల హైస్కూళ్లకు కంప్యూటర్లు పంచబోతోంది. సాఫ్ట్‌వేరు ఎక్కించే పని అతనికి ఇచ్చారు. సంస్థ అధికారి పేరు రాజగోపాల్, తిరుపతి మనిషి, మాట తక్కువ. పుంగనూరు లాడ్జిలో ఏదో మీటింగుకు వచ్చినప్పుడు శివకుమార్ గ్లోరియాను తీసుకుపోయి చూపించాడు.

“ఈ చీటీ రాసింది ఈ అమ్మాయే సార్. మా వైపు ల్యాబులన్నిట్లో ఇదే. ఇది సరే అనిందంటే సరే.”

రాజగోపాల్ ఆమెను నాలుగు ప్రశ్నలడిగాడు. జవాబులు నచ్చినట్టే ఉన్నాయి. “స్కూళ్లలో ఇది బాగా నడిస్తే, వాటిని చూసుకోవడానికి మాకు ఒక మనిషి కావాలి. పర్మనెంటు ఉద్యోగం. మీరు సిద్ధంగా ఉండండి,” అన్నాడు.

ఆ రోజు మదనపల్లె బస్సులో గ్లోరియాకు కూర్చున్నట్టే లేదు. ఉద్యోగం ఒక్కటే కాదు ఆ సంతోషం. తను రాసిన కోడు ముక్క తన పేరుతో పల్లెల్లో బడి పిల్లల ముందుకు పోతోంది. చీటీ పని పూర్తయ్యాక తెర మీద ఒక లైను వస్తుంది: సరిచూసింది చీటీ, రాసినది గ్లోరియా, మదనపల్లె. ఇంట్లో ఆ లైను చూపిస్తే సారా కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివింది. తర్వాత చర్చిలో కనిపించినవాళ్లందరికీ చెప్పింది.

జనవరిలో కంప్యూటర్లు స్కూళ్లకు వెళ్లాయి. గ్లోరియా వస్తానంటే శివకుమార్ వద్దన్నాడు. “నువ్వు పిల్లోళ్ల పరీక్షలు సూసుకోమ్మా. ఎక్కించేదేముంది, నేనుండాను గదా.” ప్రారంభోత్సవానికి మాత్రం పిలిచాడు. ఒక స్కూల్లో తెర కట్టి, రిబ్బన్ కత్తిరించి, తెర మీద ఆమె పేరున్న లైను అందరికీ చూపించారు. చప్పట్లు కొట్టారు. గ్లోరియా సిగ్గుపడి చంద్రిక అనే టీచరమ్మ వెనక్కి జరిగింది.

మార్చిలో రామసముద్రం హైస్కూలు హెడ్మాస్టరు చెంగల్రాయుడు నుంచి ఫోను వచ్చింది.

ఆయన మర్యాదస్తుడు, అందుకే ముందు ఆరోగ్యం అడిగాడు. తర్వాత చెప్పాడు. వోల్టేజి ఎగిరి కంప్యూటరు డిస్కు కాలిపోయింది. పదో తరగతి పిల్లల వివరాలు, ఏడాది పొడుగునా వేసిన మార్కులు అన్నీ జనవరి నుంచీ అందులోనే ఎక్కించుకున్నారు. “భయం లేదు, దినామూ సాయంత్రం అన్నీ సీడీల మీదికి దాసిపెట్టే ప్రోగ్రాం ఒకటుండాదని శివకుమార్ సెప్పినాడు గదమ్మా. ఆ సీడీలు పెట్టి సూస్తే ఏం లేదు. అన్నీ ఖాళీ. అది సరిసూసింది నువ్వు రాసిన చీటీనే గదా. ఏం సేయాలో సెప్పమ్మా.”

గ్లోరియా వెంటనే బయలుదేరింది. రామసముద్రం బస్సెక్కి పోయి చూసింది. దాచిపెట్టే ప్రోగ్రాం నడవాలంటే ఫైళ్లను కుదించి మూటకట్టే ఇంకో ప్యాకేజీ కావాలి. అది అసలు ఎక్కించనే లేదు. పాపం ప్రోగ్రాం ప్రతి సాయంత్రం బుద్ధిగా లేచి, మూట కట్టే మనిషి లేక, ఖాళీ ఫైళ్లు రాసి పడుకుంది. మిగిలిన స్కూళ్లకు ఫోను చేయిస్తే అన్నిచోట్లా అదే తంతు. మిగతాచోట్ల డిస్కులు ఇంకా కాలలేదు, అంతే తేడా.

చీటీ ఎందుకు ఆగలేదు? ఆమె బుర్రలో ఇదే తిరిగింది. తను రాసిన దాంట్లోనే తప్పుందేమోనని మొదట తననే అనుమానించుకుంది. తన దగ్గరున్న చీటీని ఎన్నిసార్లు నడిపి చూసినా కుదురుగానే ఉంది. అప్పుడైనా శివకుమార్ మీదికి ఆమె మనసు పోలేదు. ‘శివన్నను అడిగితే తెలుస్తుంది’ అనే అనుకుంది. ఫోను చేస్తే అతను ఎత్తలేదు. పని మీద ఉన్నాడనుకుంది.

కుప్పం ఆఫీసుకు పిలుపు వచ్చింది. రాజగోపాల్ గదిలో బల్లకు ఒక పక్క శివకుమార్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. గ్లోరియాను చూసి, “రామ్మా, కూసో,” అన్నాడు. ఆ మాట విని ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

రాజగోపాల్ స్కూళ్లలో ఎక్కించిన సీడీని తన కంప్యూటరులో పెట్టించాడు. “మీ చీటీతో దీన్ని చదివించి చూపండి.”

గ్లోరియా సీడీలో ఉన్న చీటీనే నడిపింది. ప్యాకేజీల పేర్లు తెర మీద పరుగెత్తాయి. దాచిపెట్టే ప్రోగ్రాం పేరు వచ్చింది, పోయింది. ఎక్కడా ఆగలేదు. చివర్న ఆమె పేరున్న లైను వచ్చి నిలబడింది.

“ఆగల్ల గదా,” అంది తనలో తాను. ఆ ప్యాకేజీ విప్పి లోపలి ఫైలు తెరిచింది. గొరిగిన ఫైలు. మొదటి లైను లేదు, తోక మాత్రం వెర్షను కింద వేలాడుతోంది. ఆ తోకలోనే ఉంది మూటకట్టే ప్యాకేజీ పేరు. చీటీ కోడు తెరిచింది. అర్థం కాని లైను వస్తే ‘ఆగిపో’ అని తను రాసిన చోట ‘వదిలేసి ముందుకు పో’ అని ఉంది. ఒక్క మాట మారింది. మారిన చోట బ్రాకెట్టు కింది లైనులోకి దిగి ఉంది. తను బ్రాకెట్టు ఎప్పుడూ అదే లైనులో పెడుతుంది. కింది లైనులో పెట్టే అలవాటు ఎవరిదో ఆమెకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు. ఈ విషయం మీద వాళ్లిద్దరూ ఎన్ని శనివారాలు సరదాగా వాదించుకున్నారో లెక్క లేదు.

ఆమె శివకుమార్ వైపు చూసింది. ఇప్పుడు చెబుతాడు. ‘నేనే మార్చినాను సార్, తొందరలో’ అంటాడు. తను కూడా ‘పోనీలే అన్నా’ అంటుంది. అంతా సర్దుకుంటుంది. ఆమె నిజంగా అంతవరకూ మనసులో అనేసుకుంది.

శివకుమార్ టీ గ్లాసు అడుగున ఏముందో చూస్తున్నాడు.

“అన్నా, ఇది ఎవరు మార్చినారు?” అని అడిగింది.

“ఏమోమ్మా. నువ్వు సీడీలో ఏదిస్తే అదే ఎక్కించినాము. మాకేం తెలుస్తాది దాని లోపల ఏముండాదని.”

ఏకవచనం పోయి ‘మేము’ అయిపోయాడు. అబద్ధం ఆడేటప్పుడు మనిషికి ఎక్కడలేని బలగమూ కావాలి కాబోలు.

“ఇది నేను రాసింది కాదు సార్,” అంది గ్లోరియా. “అసలుది నా దగ్గరుండాది. తెచ్చి చూపిస్తాను.”

రాజగోపాల్ చెడ్డవాడు కాదు. అలిసిపోయినవాడు. “మీరు తెచ్చేది అసలా, ఇది అసలా నేనెలా తేల్చుకోనమ్మా? ఆ కోడు నాకు చదవడం రాదు. నాకు కనిపించేది తెర మీద పేరు. అది మీదే కదా?”

“పేరు నాదే సార్.”

“మరింకేం.”

శివకుమార్ అప్పుడు కూడా తలెత్తలేదు. పైగా సర్దిచెప్పే పెద్దమనిషిలా, “చిన్నపిల్ల సార్, తప్పులు జరగతాయి. స్కూళ్లన్నీ నేను తిరిగి సరిసేస్తాను,” అన్నాడు. రాజగోపాల్ అతనికి ధన్యవాదాలు చెప్పాడు. ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదని గ్లోరియాకూ తెలిసింది.

ఆమె బస్టాండుదాకా నడిచింది. వెనక చెప్పుల చప్పుడు వినబడుతూనే ఉంది. పలమనేరు మీదుగా పోయే బస్సు ఇంకా కదల్లేదు. శివకుమార్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

“కోపంగా ఉండావా?”

ఆమె బస్సు మెట్టు వైపు అడుగేసింది.

“సెప్పేది ఇనమ్మా. ప్రారంభోత్సవానికి దినం పెట్టేసినారు. పెద్దపెద్దోళ్లందరినీ పిల్సినారు. నేను ఎక్కిస్తా ఉంటే నీ చీటీ ప్యాకేజీ ప్యాకేజీకీ ఆగిపోతాండాది. ఏం సేయాల నేను?”

“నాకు ఫోను చేయాల. పరిగెత్తుకోని వచ్చుందును.”

“వచ్చి? అవన్నీ తీసేసి మళ్లీ కొత్తవి దించమందువు. వారం పట్టేది.”

“అవి గొరిగింది ఎవరు?”

శివకుమార్ బస్సు అద్దం వైపు చూశాడు. “నేనే,” అన్నాడు. “సెంటర్లో ఎప్పట్నుంచో ఉండేవే. అందరూ గొరిగేదే గదా.”

ఇన్నేళ్లుగా శనివారాలు తను పుంగనూరులో అందుకున్న సీడీల్లో ఎన్ని అతను గొరిగినవో అని మొదటిసారి ఆమెకు అనుమానం వచ్చింది. ఆ సీడీలనే తను ఊరూరా మోసి పంచింది.

“సరే, మార్చినావు. మార్చినోడివి నా పేరు యాల తీయలేదు?”

“నీ కష్టం గదమ్మా. నీ పేరు తీసి నాది పెట్టుకుంటే అది దొంగతనం కాదా? అట్లాంటోడినా నేను?” అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతని మొహంలో నిజంగానే నొచ్చుకున్న జాడ కనిపించింది.

“ఆ గదిలో ఒక్క మాట చెప్పింటే సాలు గదన్నా.”

“సెప్తే నా సెంటరు పోతాది. ఇంకా స్కూళ్లు రావాల. నా మీద పెట్టుకోని ఉండారు ఇంట్లో. నువ్వు సదువుకున్నదానివి, యాడికి పోయినా బతుకుతావు.” గొంతు తగ్గించాడు. “నువ్వు నాకు సొంత సెల్లెలి మాదిరి. సొంతం అనుకున్నాను గాబట్టే నీ మీద పెట్టినాను. పరాయిదాని మీద పెడతానా?”

అతను ఆ మాటను నిజాయితీగానే అన్నాడు. దెబ్బ అక్కడే తగిలింది. ద్రోహం చేశానని అతనికి తెలిసి ఉంటే కనీసం తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. తండ్రి పెట్టె మోసిన భుజాన్ని తలుచుకుని ఆమె ఇన్నాళ్లూ ఏది ప్రేమ అనుకుందో, అతను దాన్ని ఎప్పుడో ఒకప్పుడు వాడుకోవడానికి పనికొచ్చే చనువు అనుకున్నాడు. గ్లోరియాకు అతని చెంప పగలగొట్టాలనిపించింది. ఇన్నేళ్లుగా అన్నా అని పిలిచిన నోటికి ఒక్క తిట్టూ రాలేదు.

“నువ్వింక మా ఇంటికి రావద్దు,” అని మాత్రం అంది. బస్సెక్కి కూర్చుంది. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగితే కిటికీ అవతలి వైపుకు మొహం తిప్పుకుంది.

ఇంట్లో సారా అంతా విన్నది. తర్వాత, “ఆ పిల్లోడు మన ఇంట్లో అన్నం తినినాడు పాపా,” అంది.

రామసముద్రం పిల్లల వివరాలు బోర్డుకు పంపాల్సిన గడువు దగ్గరికి వచ్చింది. ఎవరి తప్పయినా పిల్లలది కాదు కదా అని గ్లోరియా తనంతట తానే పోయి స్కూల్లో కూర్చుంది. పాత పేపర్లు, జవాబు కాగితాలు ముందేసుకుని మార్కులు మళ్లీ ఎక్కించింది. సాయంత్రం చెంగల్రాయుడు తనే కాఫీ తెచ్చి ఇచ్చాడు.

“తప్పు అందరూ సేస్తారమ్మా. సేసినదానికి వచ్చి దిద్దుకునేవాళ్లు ఎంతమంది? నువ్వు మంచి పిల్లవు,” అన్నాడు.

ఆయన మెచ్చుకున్నాడు. గ్లోరియా కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. కాదు సార్, నేను చేయలేదు అని చెప్పబోయింది. మరి ఎందుకొచ్చావు అంటారు. రానివాడు నిర్దోషి, వచ్చినదాని మీదే తప్పు. లోకం లెక్క అలా ఉంది. ఆమె తల దించుకుని మిగిలిన మార్కులు ఎక్కించింది.

అయినా ఆమెలో ఒక పట్టుదల మిగిలింది. ఉద్యోగం పోతే పోయింది, చీటీనైనా నిలబెట్టుకుందామనుకుంది. మారిన చీటీ స్కూళ్లతో ఆగలేదు. శివకుమార్ సెంటరు నుంచి సీడీల మీద ల్యాబులన్నిటికీ పాకిపోయిందని విన్నది. అసలు చీటీని కొత్త సీడీల మీద రాసుకుని, సంచిలో వేసుకుని బయలుదేరింది. వాల్మీకిపురంలో మొదలుపెట్టింది. అక్కడ అంజినప్ప అనే ఆయన బజారులో ల్యాబు నడిపేవాడు. మంచి మనిషి, చీటీ పుట్టినప్పటి నుంచీ వాడుతున్నవాడు. ఆమెను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు.

“రామ్మా రా. నీకు ఫోను సేయాలనే అనుకుంటాండాను. కొత్త చీటీ శానా బాగుండాది. ముందు దాని మాదిరి రభస లేదు. యాడా నిలబడ్డంల. పొద్దున పెడితే మధ్యాన్నానికి పదారు మిషిన్లూ అయిపోతాండాయి.”

“అది సరైంది కాదప్పా. అర్థం కానిదాన్ని వదిలేసి పోతాది. అందుకే నిలబడ్డంల. రామసముద్రంలో పిల్లోళ్ల మార్కులన్నీ పోయినాయి దాని వల్ల. ఇదిగో, అసలుది తెచ్చినాను. మార్చేస్తాను.”

అంజినప్ప సీడీని అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, నొచ్చుకుంటుందేమోనని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

“అది ఊరికే తప్పులు పట్టేదమ్మా. సెప్తే బాగుండదు గానీ, నీ మొహం సూసి ఓర్సుకుంటా ఉంటిమి. నువ్వే మనసు మార్సుకోని మాకోసం మెత్తగా సేసినావని అందరం సంతోషపడినాము. ఇదే ఉండనీ.”

గ్లోరియా చాలాసేపు చెప్పింది. తోక అంటే ఏమిటో, అది పైలైనుకు ఎట్లా అతుక్కుంటుందో ఒక ప్యాకేజీ విప్పి చూపించింది కూడా. అతను అన్నిటికీ తల ఊపాడు. తల ఊపుతూనే పక్క మిషనులో తన దగ్గరున్న సీడీనే పెట్టాడు. పేర్లు తెర మీద పరుగెత్తాయి. ఒక్కచోటా ఆగలేదు. అడుగున ఆమె పేరు వచ్చి నిలిచింది.

ఆమెకు ఇంక వాదించే ఓపిక లేకపోయింది.

“పోనీ, ఇదే వాడుకోండి,” అంది. “ఆ ఒక్క లైను మాత్రం తీసేస్తాను. నా పేరుండే లైను. అది తీస్తే నీకేం ఇబ్బంది లేదు గదా, అంజినప్పా? అంతే నేనడిగేది.”

అంజినప్ప కంగారుపడి కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“అట్లా సేస్తే ఎట్లమ్మా,” అన్నాడు. “ఆ పేరు సూసుకోనే గదా మేమంతా నమ్మి ఎక్కిస్తాండేది.”